తలకాయ ఇల్లు

మంగళవారం మధ్యాహ్నం పొట్టేలు తల చిట్టమ్మ గుమ్మం ముందు నుంచి ఆగకుండా వెళ్ళిపోయింది.

ముందు డప్పులు, వెనక వేపరొట్ట పట్టుకున్న ఆడవాళ్ళు, మధ్యలో కొత్త తువ్వాలు తలపాగా చుట్టిన ఎల్లారావు. అతని నెత్తి మీద ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో తల. మెలి తిరిగిన కొమ్ములు రెండూ అంచు దాటి బయటికి వచ్చి ఉన్నాయి. తల తెచ్చినవాడి కాళ్ళు కడగాలి కాబట్టి, ఈసారి ఆగదని తెలిసినా, చిట్టమ్మ చెంబుతో గుమ్మంలో నిలబడే ఉంది. డప్పు కొట్టే ముసలాయన అలవాటు కొద్దీ అక్కడికి రాగానే దరువు ఆపి ఆమె వంక చూశాడు. "నడవండి, నడవండి, ఎండ పేలిపోతంది," అని వెనక నుంచి కమిటీ సెక్రటరీ సాయిశంకర్ తొందరపెట్టాడు. నడిచారు. ఊరేగింపు మలుపు తిరిగి పక్క వీధిలోకి, ఎల్లారావు ఇంటికి పోయింది.

చెంబులో నీళ్ళు ఏం చెయ్యాలో తోచక చిట్టమ్మ గుమ్మం పక్క కనకాంబరం మొక్కకి పోసేసింది. ఎల్లారావు పరాయివాడేం కాదు, సొంత మరిది. అదే ఇంకా మండింది.

ఆ కాలనీలో చిట్టమ్మ ఇంటిని తలకాయ ఇల్లు అంటారు. పాత ఊరు ఉక్కు ఫ్యాక్టరీ కిందకి పోయినప్పుడు అందరూ కలిసి మరిడమ్మ తల్లిని లారీ ఎక్కించి ఈ కాలనీకి తెచ్చుకున్నారు. తెచ్చుకునేటప్పుడు చాలా ఆచారాలు దారిలో పడిపోయాయి గానీ ఇది పడలేదు. పండగ నాడు వేటేసిన పొట్టేలు తల తలకాయ ఇంటికి వెళ్ళాలి. మాంసం వాళ్ళు వండుకుంటారు. కొమ్ములు ఊడదీసి, పుర్రె శుభ్రం చేసి, మళ్ళీ మంగళవారం, అమ్మవారిని సాగనంపే అనుపు నాటికి గుడికి అప్పజెప్పాలి. పుర్రె ఏడాదంతా అమ్మవారి వెనక గూట్లో ఉంటుంది. పాతది సముద్రంలో కలుపుతారు. పన్ను రాలకూడదు, ముక్కు ఎముక చిట్లకూడదు, కొమ్ము పగలకూడదు. పగిలితే ఆ ఏడు కాలనీకి కీడు. పని ఇంటి మగవాడే చెయ్యాలి, పెరటి తలుపు వేసుకుని, ఎవరి కంటా పడకుండా. ఆ చాకిరీకి ప్రతిఫలంగా గుడి పక్కన రేకుల బడ్డీ ఆ ఇంటిది. కొబ్బరికాయలు, కర్పూరం, పసుపు కుంకుమ అమ్ముకోవచ్చు. చిట్టమ్మ తినే నాలుగు మెతుకులూ ఆ బడ్డీలోవే.

మొగుడు గవర్రాజు పోయి ఏడాది దాటింది. నిరుడు మైల అని వేట లేకుండా బూడిదగుమ్మడికాయ కొట్టి పండగ కానిచ్చారు. ఈ ఏడు పండగ దగ్గర పడగానే కాలనీ పెద్ద శ్రీరామ్మూర్తి కర్ర పొడుచుకుంటూ బడ్డీ దగ్గరికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, రెండు కళ్ళకీ పొర.

"అమ్మా చిట్టమ్మా, మగదిక్కు లేని కొంపకి తల ఎలగ పంపుతామే? ఆసారం ఒప్పుకోదు. ఎల్లారావుకి సెప్పేం. అనుపు అయ్యేక బడ్డీ కూడా ఆల్లకి అప్పజెప్పీ. ఏటనుకోకు."

"అలాగే బావూ," అంది చిట్టమ్మ.

అలాగే ఏమిటి అలాగే! ఆ మాట అన్నందుకు వారం రోజులుగా తనని తాను తిట్టుకుంటూనే ఉంది. ఏటనుకోకు అంటే ఏమీ అనుకోకుండా ఉండటానికి మనిషా, రాయా? యాభై మూడేళ్ళు వచ్చాక కొత్తగా ఎక్కడికి పోయి ఏ పని వెతుక్కోవాలి? గోపాలపట్నంలో కూతురు దుర్గ ఉంది, వచ్చేయమంటుంది. వాళ్ళదే ఒంటి గది, అందులో అత్తగారొకర్తి.

గురువారం సాయంత్రం ఎల్లారావు బడ్డీకి వచ్చాడు. పోర్టులో బొగ్గు లారీ తోలుతాడు. స్నానం చేసి వచ్చినా చెవుల్లో నలుపు అలాగే ఉంది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, కొబ్బరికాయల గుట్ట పక్కన చతికిలబడ్డాడు.

"వదినా, ఓ మాట."

"కాయ కావాలేటి? మంచివున్నాయి."

"కాయ కాదు. అన్న కొమ్ములు ఎలగ తీసేవోడు?"

చిట్టమ్మ కర్పూరం పొట్లాలు సర్దుతూ తల ఎత్తలేదు. "నాకేటి తెలుసు? తలుపేసుకునేవోడు కదా."

"నీల్లేడి సేసి ఇచ్చేదానివి కదా. ఓ పాలైనా సూసుంటావు."

"ఆడోల్లు సూడకూడదు కదేటి మరి."

ఎల్లారావు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అక్కడి దాకా కొట్టింది వాసన. "మటన్ కొట్టోడిని అడిగేను. కాల్చి సుత్తితో కొట్టమన్నాడు. కొడితే పగిలిపోతాదేమో అని బయ్యం. ఓ కొమ్ముకి తాడు కట్టి జాంచెట్టుకి బిగించేను. రెండోది పట్టుకుని లాగేను."

"ఏటైనాది?"

"జాంకాయలు రాలేయి."

నవ్వు గొంతు దాకా వచ్చింది. చిట్టమ్మ దాన్ని మింగేసి, "అయితే కాయలు తినండి," అంది. ఎల్లారావు ఇంకాసేపు కూర్చుని, ఇంకేమీ రాదని తెలిసి లేచిపోయాడు. అతను వెళ్ళాక చిట్టమ్మకి రెండు రోజుల్లో మొదటిసారి ప్రాణం కొంచెం తేలికపడింది. పగలనీ. పళ్ళన్నీ రాలనీ. తలపాగా చుట్టించుకున్నప్పుడు తెలియలేదా, తల కింద పుర్రె ఉంటుందని?

కానీ రాత్రి అన్నం ముందు కూర్చున్నా ఆలోచన అదే. ఈపాటికి మూడోసారి నీళ్ళు మార్చాలి. వాడు మార్చడు. కుతకుతా ఉడికించేస్తాడు. అలా ఉడికిస్తే ముక్కు దగ్గర అతుకు విడిపోతుంది. చిట్టమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. తిన్నది అరముద్ద.

*

శుక్రవారం తెల్లవారుతూనే పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే ఎల్లారావు. చేతిలో పాత పెయింటు బకెట్టు, మీద తడి గోనె.

"మా ఇంటిది పుట్టింటికి ఎల్లిపోనాది," అన్నాడు. "ఆ వాసనతో కాపరం సెయ్యనంది. సీతమ్మధార క్లినిక్కులో డ్యూటీ, ఒంటి నిండా ఇదే కంపు, డాక్టరమ్మ దూరంగా నిలబడమన్నాదట. ఏటి సెయ్యాలో తెలీట్లేదు వదినా. నాను అడిగేనా తల కావాలని? పిలిసి తలపాగా సుట్టేరు. కాదంటే అమ్మోరికి కోపం, అవునంటే ఇదీ."

"బడ్డీ అడగలేదేటి?"

ఎల్లారావు బకెట్టు మీద గోనె సర్దాడు. అడిగాడు, కాదనలేడు. లారీ మీద ఇంకెన్నాళ్ళు, నడుం పోయింది, భార్య రోజారమణి అయినా బడ్డీలో కూర్చుంటుందని తనే శ్రీరామ్మూర్తి చెవిన వేశాడు. ఆ సంగతి చిట్టమ్మకీ తెలుసు.

"అనుపు నాటికి ఇది అవకపోతే, రేపెవుడి కొంపలో ఏం జరిగినా నా మీదకే వత్తారు," అన్నాడు.

చిట్టమ్మ గోనె తీసింది. చూడకూడదనుకుంది, చూసింది. వాషింగ్ సోడా పొట్లానికి పొట్లం కుమ్మరించినట్టున్నాడు, ఎముక మీద తెల్లటి తెట్టు. చర్మం ఊడిన చోట ఊడి, ఊడని చోట గట్టిపడి తోలులా అంటుకుంది. కొమ్ముకి తాడు ఒరుసుకున్న గీత. కింద వరసలో దవడపన్ను ఒకటి పక్కకి ఒరిగి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో రాలేలా ఉంది. ఆ పన్ను చూసేసరికి చెయ్యి ఊరుకోలేదు. రెండు వేళ్ళతో దాన్ని నెమ్మదిగా గాడిలోకి నొక్కింది.

దీన్ని బాగు చేస్తే బడ్డీ పోయినట్టే. చెయ్యకపోతే, ఎల్లారావు నలుగురిలో నవ్వులపాలై, తల మళ్ళీ ఎవరికని పెద్దలు కూర్చుంటారు, అప్పుడేదో ఒకటి అవుతుంది. ఆ మాత్రం లెక్క చిట్టమ్మకి తెలియక కాదు. తెలిసీ బకెట్టు లోపలికి లాక్కుంది. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే.

"తలుపెయ్," అంది.

ముందు ఆ నీళ్ళన్నీ పారబోసి మూడుసార్లు చల్లనీళ్ళతో కడిగింది. డేగిసా పెట్టి, కింద కొబ్బరిచిప్పలు రెండంటే రెండు వెలిగించింది. ఎల్లారావు ఇంకో నాలుగు వెయ్యబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "ఉడకబెట్టడానికి ఇదేమైనా సారా? నీల్లు వేడెక్కాల, ఉడక్కూడదు. వేలు పెడితే సురుక్కుమనాల, అంతే." పుర్రెని నీళ్ళలో కూర్చోబెట్టి, కొమ్ములు పైకి ఉండేలా వెనక ఇటుక ఆనించింది. తడి గోనెపట్టా రెండు కొమ్ములకీ మొదట్లో చుట్టి, గరిటెతో ఆ వేడినీళ్ళే తీసి పట్టా మీద పోసింది. ఆరగానే మళ్ళీ పోసింది.

ఆ తరువాత చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి పెట్టుకుంది. అడ్డపొగ నోట్లో ఉంటే వాసన ముక్కు దాకా రాదు. ఎల్లారావు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"నువ్వు సుట్ట తాగుతావేటి వదినా?"

"ఏడాదికి ఓ వారం."

పూటంతా అదే పని. నీళ్ళు పొయ్యడం, ఆరితే పొయ్యడం. ఫ్యాక్టరీ వైపు నుంచి సైరన్ వినబడింది. గోడ మీద ఆరేసిన తువ్వాలు మీద సన్నటి నల్లపొడి పడుతోంది. చిట్టమ్మ కత్తి ముట్టుకోలేదు. వెదురుబద్ద చెక్కి, దాంతోనే కళ్ళ గుంతల్లో, దవడ మూలల్లో గీకింది. కత్తి తగిలితే ఎముక మీద గాటు పడుతుంది, పసుపు రాశాక ఆ గాటే ముందు కనిపిస్తుంది. మెడ వెనక కన్నంలోంచి నాలుగు చీపురు పుల్లలు కట్టగా పెట్టి తిప్పి, చెంబుతో నీళ్ళు వదిలి, మళ్ళీ తిప్పింది. మెదడు కొంచెం కొంచెంగా కరిగి వచ్చింది. నడుం పట్టేసింది. మోకాళ్ళు చెప్పక్కర్లేదు. ఇంతకు ముందు ఇంత తొందరగా అలిసిపోయేది కాదు.

పన్నెండింటికి గోనె విప్పి కుడి కొమ్ముని పట్టుకుంది. లాగలేదు. మెలి ఎటు తిరిగి ఉందో అటే, మర తిప్పినట్టు, ఊపిరి బిగబట్టి తిప్పింది. మొదట కదల్లేదు. ఇంకో గరిటెడు నీళ్ళు పోసి మళ్ళీ తిప్పింది. సబ్బు రాసిన చేతి నుంచి గాజు జారినట్టు కొమ్ము జారి ఆమె చేతిలోకి వచ్చేసింది. కింద ఎర్రటి గుల్ల ఎముక బయటపడింది. ఆ కంపుకి అడ్డపొగ కూడా ఆగలేదు.

ఎల్లారావు గోడ మూలకి పరుగెత్తి భళ్ళున కక్కుకున్నాడు. చిట్టమ్మ అతని వైపు చూడకుండా రెండో కొమ్ము పట్టుకుంది. అదీ వచ్చింది.

మూతి కడుక్కుని వచ్చి ఎల్లారావు చాలాసేపు నిలబడి ఆమె చేతుల్నే చూశాడు. ఆమె కొమ్ముల్లో బూడిద పోసి, ఊపి, బోర్లించింది. ఊడిపోబోయిన పన్నుకి సున్నమూ బెల్లమూ కలిపి చిటికెడు పెట్టి గాడిలో నొక్కి పట్టుకుంది. ఏ వేలు ఎక్కడ పెట్టాలో వెతుక్కునే చేతులు కావవి.

"అన్న సెయ్యలేదు," అన్నాడు ఎల్లారావు.

చిట్టమ్మ పన్ను వదల్లేదు. "మీ అన్న మొదటేడు కంటి గుంతలో వేలెట్టేడు. నువ్వు కక్కిన మూలే కక్కేడు. అప్పట్నుంచి ఇరవయ్యేడేల్లూ ఆ గోడవతల పీటేసుకుని కూకునేవోడు. అయిపోనాదేటే, అయిపోనాదేటే అని ఒకటే అడగడం. అయిపోనాది అంటే లేచి తలపాగా సుట్టుకునేవోడు."

"ఇన్నేల్లూనా?"

"ఇన్నేల్లూ."

"ఎవులికీ సెప్పలేదేటి?"

"ఎలగ సెప్పమంటావు? ఆయన సెయ్యలేదనా, నాను ముట్టుకున్నాననా?" పన్ను గట్టిపడిందో లేదో గోటితో తట్టి చూసింది. "నువ్వూ సెప్పకు. పోనోడి పరువు. ఎండలో ఎట్టకు, నీడలో ఆరనీ, లేకపోతే పగుల్తాది. అనుపు నాడు పొద్దున్నొచ్చి అట్టుకెల్లు."

ఎల్లారావు తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మరి బడ్డీ?"

"మీదే కదా," అంది చిట్టమ్మ. ఇంకేమంటుంది?

సోమవారం బడ్డీ సర్దుకుంది. అమ్ముడుపోని అగరొత్తులు, గాజుల పెట్టె, తను కూర్చునే ప్లాస్టిక్ స్టూలు. రేకుకి వేలాడదీసిన గవర్రాజు పాత చొక్కా తీసి దులిపి మడత పెట్టింది. దుర్గకి ఫోన్ చేసి బుధవారం వస్తానంది. "ఎన్నాల్లుంటావమ్మా?" అని అడిగింది కూతురు. ప్రేమగానే అడిగింది. చిట్టమ్మ "సూద్దాం" అని పెట్టేసింది.

*

అనుపు నాడు మధ్యాహ్నం నాలుగింటికి గుడి ముందు పందిట్లో కాలనీ అంతా చేరింది. ఉక్కపోతకి పందిరి కింద నిలబడ్డవాళ్ళ చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. పసుపు రాసిన పుర్రెని, రెండు కొమ్ముల్ని ఎల్లారావు పళ్ళెంలో పెట్టి తెచ్చి శ్రీరామ్మూర్తి ఒళ్ళో పెట్టాడు. చిట్టమ్మ ఆడవాళ్ళలో ఆఖరి వరసలో నిలబడింది. రాకూడదనే అనుకుంది. కానీ ముక్కు ఎముక ఏమైందో అని గుండె పీకింది, వచ్చింది.

కళ్ళు కనిపించని శ్రీరామ్మూర్తి బొటనవేళ్ళతోనే చూస్తాడు. పుర్రె మీద రెండు వేళ్ళూ నెమ్మదిగా నడిచాయి. పళ్ళు ఒక్కొక్కటే తడిమాడు. ముక్కు దగ్గర ఆగి, అటూ ఇటూ రాసి చూశాడు. సాయిశంకర్ ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

"గాటు లేదు," అన్నాడు శ్రీరామ్మూర్తి. "ఒక్కటీ లేదు. అదే సెయ్యిరా ఎల్లారావూ. అచ్చం మీ అన్న సెయ్యే. గవర్రాజు సెయ్యే నీకూ దిగింది."

డప్పు మోగింది. ఎల్లారావు దణ్ణం పెట్టి పక్కకి జరగాలి. జరగలేదు. తువ్వాలు తీసి రెండు చేతులా నలుపుతూ నిలబడ్డాడు.

"నా సెయ్యి కాదు బావూ."

డప్పు ఆగింది. ఎల్లారావు కళ్ళు ఆడవాళ్ళ వరసలు దాటి చిట్టమ్మని వెతికాయి. ఆమె వద్దన్నట్టు తల ఆడించింది. అతను పెద్దాయన వైపు తిరిగాడు.

"మా ఇంట్లో మూడ్రోజులు సూసేను. కొమ్ము కదల్లేదు. అన్న పెరట్లోకి అట్టుకెల్లేను. పూట తిరక్కుండా ఊడొచ్చేయి. అదీ జరిగింది. బడ్డీ నాకొద్దు, ఆ ఇంటికే ఉంచండి."

 ముందు వరసలోంచి ముసలి సూర్యకాంతమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! గవర్రాజే! గవర్రాజే వచ్చి తీసేడర్రా! సుక్కురారం నాడు ఆ పెరట్లోంచి సుట్ట వాసన వచ్చినాది. సచ్చిపోనోడింట్లో సుట్టెవులు కాలుత్తన్నార్రా అనుకున్నాను!"

ఇక చూడాలి. ఒకరికి ఆ వేళ ఒళ్ళు జలదరించిందట. ఇంకొకరికి ముందు రాత్రి కలలో తలపాగా కనిపించిందట. గోడవతల కక్కుకున్న చప్పుడు విన్నవాడు కూడా ఒకడున్నాడు, అదీ గవర్రాజే అన్నాడు. ఆ ఒక్కటీ మాత్రం చిట్టమ్మకి నిజానికి దగ్గరగా అనిపించింది.

సాయిశంకర్ ఫోన్ దించి చెయ్యి ఎత్తాడు. "వినండి, వినండి. గవర్రాజు మావయ్య ఫోటో గుళ్ళో పెట్టిద్దాం. బడ్డీ ఆ ఇంటికే ఉంటుంది. బోర్డు కూడా మావయ్య పేరు మీదే రాయిద్దాం."

అయిపోయింది. బడ్డీ దక్కింది. గోపాలపట్నం వెళ్ళక్కర్లేదు. చిట్టమ్మ చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం. ఆ పని ఆమెకి కొత్త కాదు. ఎల్లారావు ఆమె వైపు చూసి, గట్టెక్కించాను కదా అన్నట్టు తల ఊపాడు.

కానీ ఒళ్ళు మండిపోయింది. బతికున్నన్నాళ్ళూ తలపాగా అతనికి, సరే. ఇప్పుడు బూడిదై ఏడాది దాటాక కూడా కొమ్ములు తీసింది అతనేనా? ఆమె నడుం పట్టు ఇంకా వదల్లేదు. వేళ్ళ మీద కాలిన బొబ్బలు ఇంకా చితకలేదు. మనిషి ఇక్కడ ఎదురుగా నిలబడి ఉంటే, చచ్చిపోయినవాడికి దణ్ణం పెడుతున్నారు!

ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. వరసలు తోసుకుంటూ ముందుకి వచ్చింది. తోపులాటలో ముడి ఊడి జుట్టు భుజాల మీద పడింది.

"గవర్రాజు ముట్టుకోలేదు!"

తన గొంతు అంత గట్టిదని ఆమెకే తెలియదు. డప్పులవాళ్ళు వెనక్కి జరిగారు.

"సచ్చేక కాదు, బతికున్నప్పుడూ ముట్టుకోలేదు. మొదటేడే కక్కుకున్నాడు. ఇరవయ్యేడేల్లూ ఈ సేతులే తీసేయి. నీల్లెట్టింది ఈ సేతులే, గీకింది ఈ సేతులే, మీరు దణ్ణమెట్టిన పుర్రెలన్నీ ఈ సేతులు కడిగినవే. ఈ ఏడూ ఇయ్యే. సూసుకోండి!"

రెండు అరచేతులూ చాచి నిలబడింది. సాయిశంకర్ ముఖం మారిపోయింది. "ఏటి, ఆడమనిషి ముట్టుకుందా? ఇన్నేళ్ళూ మనం..." అని ఆగి, పెద్దాయన వైపు తిరిగాడు. వెనక మగవాళ్ళలో గొణుగుడు లేచింది. మైల అనే మాట ఎవరో అననే అన్నారు. ఏం చేసిందో చిట్టమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. అయిపోయింది, బడ్డీ పోయింది, మొగుడి పరువు పోయింది, రేపటి నుంచి ఈ కాలనీలో మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళుండరు.

"పూనింది!" అని అరిచింది సూర్యకాంతమ్మ. "అమ్మ పూనిందర్రా! సాంబ్రాణెయ్యండి!"

ఎవరో ఆమె చేతిలో వేపరొట్ట పెట్టారు. ఎవరో కాళ్ళ మీద పడ్డారు. "పూనకం కాదు, నానే," అంటూనే ఉంది చిట్టమ్మ. డప్పుల మోతలో ఆ మాట పక్కవాళ్ళకి కూడా వినబడలేదు.

శ్రీరామ్మూర్తి చెయ్యి ఎత్తాడు. మోత ఆగింది. "అమ్మని ఇలగ తీసుకురండి," అన్నాడు.

తెచ్చి ముందు కూర్చోబెట్టారు. ముసలాయన ఆమె రెండు చేతులూ తీసుకుని, పుర్రెని తడిమినట్టే బొటనవేళ్ళతో తడిమాడు. గోళ్ళలో ఇరుక్కున్న సున్నం తగిలింది. వేళ్ళ కొసల బొబ్బలు తగిలాయి. ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. నాలుగు రోజులు కడిగినా ఆ వాసన పోదు.

"పూనితే సెయ్యి ఒణుకుతాదే," అన్నాడు, ఆమెకి మాత్రమే వినబడేలా. "నీది ఒణకట్లేదు."

"నానే బావూ. చిట్టమ్మని."

"తెలుత్తంది."

ఆయన ఆ చేతులు వదల్లేదు. పందిరంతా ఆయన నోటి వంకే చూస్తోంది. పూనకం కాదని అంటే ఇరవయ్యేడేళ్ళ పూజలకీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఆయనే తడిమి, ఆయనే బాగుందని ఒప్పుకున్న ఇరవయ్యేడు పుర్రెలు. ఆయన గొంతు సవరించుకుని, ఆమె చేతులు రెండూ తన కళ్ళకి అద్దుకున్నాడు.

"అమ్మే పలికింది," అన్నాడు గట్టిగా. "మైలా లేదు, గియిలా లేదు. అమ్మ తన పని తనే సేసుకున్నాది."

ఊపిరి పీల్చుకున్నారు అందరూ. గంటలు మోగాయి, హారతి వెలిగింది. సాయిశంకర్ చెప్పులు విడిచి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎల్లారావు ఒక్కడే నిలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చిట్టమ్మకి ఎక్కడలేని నీరసం వచ్చింది. నిజం చెప్పింది. చెప్పిన నిజాన్ని కూడా ఆమె చేతిలోంచి లాక్కుని అమ్మవారికి ఇచ్చేశారు. ఇంకేం చెప్పినా అంతే. ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది.

శ్రీరామ్మూర్తి చేతులు జోడించాడు. అందరూ జోడించారు.

"తల్లీ, మల్లేడు తల ఎవులికిమ్మంటావు? నీ నోటితోనే సెప్పు. నువ్వు సెప్పినట్టే సేత్తాం."

అంతా చెవులు రిక్కించారు. పందిట్లో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. చిట్టమ్మ వాళ్ళందరినీ ఒకసారి చూసింది. ఈ మగవాళ్ళు ఎప్పుడైనా తను నోరు తెరవాలని ఇలా కాచుకుని ఉన్నారా? ఆమె ఒళ్ళో ఉన్న వేపరొట్ట పక్కన పెట్టి, జుట్టు ముడి వేసుకుని, బడ్డీలో కాయ బేరమాడే గొంతుతో చెప్పింది.

"చిట్టమ్మకియ్యండి. గవర్రాజు ఇంటికి కాదు, చిట్టమ్మకి."